పాతరలో పడుకున్న పిల్లకు ఫోటో

నల్లగొండ బస్టాండులో పొద్దున ఆరుంబావుకు దేవరకొండ బస్సు ఎక్కేటప్పుడు నా చేతిలో రెండు సంచులున్నాయి. ఒకదాంట్లో మూడు రోజులకు సరిపడా బట్టలు, జొన్నరొట్టెలు, పల్లీల పొడి. రెండోదాంట్లో ఖాకీ కవరులో ఆరు పాత ఎక్స్‌రే ఫిల్ములు. బట్టల సంచిని కాళ్ల దగ్గర పెట్టాను గానీ ఫిల్ముల సంచిని ఒళ్లోంచి దించలేదు. సర్కారు దవాఖానాలో ముప్పై నాలుగేళ్లు ఎక్స్‌రేలు తీసి రిటైరైనదాన్ని. ఫిల్ము మడత పడితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఈ ప్రయాణానికి కారణం మంజుల ఫోను. మంజులది మునుగోడు దిక్కు. హైదరాబాదులో పాతకాలపు ఎముకల మీద పరిశోధన చేస్తుంది. చదువుకునే రోజుల్లో మా ఎక్స్‌రే గదికి వచ్చి, ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంగిన పిల్లల ఫిల్ములన్నీ నా పక్కన కూర్చుని చూసింది. పై అధికారుల అనుమతితో, పేర్లు కత్తిరించి, కొన్ని ఫిల్ములు మేమిద్దరం చదువు కోసం దాచిపెట్టాం. అప్పటి నుంచి నన్ను మేడమ్ అనే పిలుస్తుంది, నేను దాన్ని ఒసేయ్ అనే పిలుస్తాను.

"మేడమ్, నారాయణపేట కాడ ఒక ఊర్ల మగ్గం గుంట తవ్వుతుంటే పాతర బయటపడ్డది. అండ్ల ఒక పిల్ల ఉన్నది. ఎండిపోయి, గుడ్డల సుట్టి ఉన్నది. నూరేండ్ల పైమాటే. మీరొచ్చి సూడాలె," అంది.

పాతరంటే ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. గరీసెలు, గోదాములు లేని రోజుల్లో నేలలో గుంత తీసి, గోడలు అలికి, అడుగున గడ్డి, బూడిద, వేపాకు పరిచి జొన్నలు పోసి మూసేవారు. గట్టి మొరం నేలయితే చుక్క తేమ దిగదు. అలాంటి పొడి గుంతలో పడుకున్న పిల్ల కుళ్లకుండా ఎండిపోయింది.

"నేనెందుకే? మీ దగ్గర పెద్ద పెద్ద డాక్టర్లుంటరు గదా," అన్నాను.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆ ఇంటివాళ్లకు తరతరాలుగా ఒక మచ్చ ఉంది. పాతర ఎప్పుడూ నిండుగా ఉండాలని వాళ్ల పెద్దలు ఒక పిల్లను కాళ్లు విరగ్గొట్టి, ఎక్కి రాకుండా, బతికుండగానే అందులో వేసి మూశారని ఊరంతా చెప్పుకుంటారు. ఇప్పుడు పిల్ల నిజంగానే దొరికింది. ఎవరో చిన్న మిషను తెచ్చి ఒక ఎక్స్‌రే తీసి, రెండు కాళ్లూ విరిగినట్టు అనుమానం అని రాసి వెళ్లారు. ఊరికి ఆ ఒక్క ముక్క చాలు. ఆ ఇంటి పెద్దావిడ తిప్పమ్మవ్వ తొమ్మిది రోజులుగా సరిగా అన్నం తినడం లేదు.

"ఆ ఎక్స్‌రే నాకు పంపు," అన్నాను.

వాట్సాప్‌లో వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చూశాను, తీసేసి చూశాను. బొమ్మ మసకగా ఉంది. కానీ ఆ వంకర నేను ఎక్కడో చూసిన వంకరే. వెంటనే బీరువా తెరిచి, దాచిన ఫిల్ముల్లోంచి ఆరు తీశాను.

బస్సులో కండక్టరమ్మ "ఆధార్ కార్డు సూపియ్యమ్మా" అని, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు చింపి ఇచ్చింది. నా పక్కన మల్లేపల్లికి వెళ్లే ఒక నడివయసు ఆడమనిషి కూర్చుంది. ఖాకీ కవరు వంక పది నిమిషాలు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఎవ్వలికి బాగలేదక్కా?"

"నారాయణపేట దిక్కు ఒక పిల్లకు."

"అయ్యో! ఎన్నేండ్లుంటయ్?"

"ఆరో ఏడో ఉంటయ్."

నూరేళ్ల సంగతి చెప్పలేదు. చెబితే మల్లేపల్లి దాకా నన్ను కాల్చుకు తినేది. ఆమె సంచిలోంచి రెండు సీతాఫలాలు తీసి, "పిల్లకియ్యి, సలువ చేస్తదేమో గని కొద్దిగ పెట్టు," అంది. వద్దంటే వినలేదు.

ఏడూ ముప్పావుకు దేవరకొండ చేరాం. బస్టాండు బయట ఇడ్లీ బండి దగ్గర వేడివేడిగా రెండు ఇడ్లీలు, అల్లం చట్నీ. వెనక వచ్చేవాళ్లకు ఒక మాట: అక్కడ చాయ్ బస్టాండు లోపల తాగకండి, బయట తాగండి. ఎనిమిదిన్నరకు కల్వకుర్తి బస్సు దొరికింది. డిండి దాటాక ఎర్ర చెలకలు, మధ్యలో నల్లటి గుండ్లు, పత్తి ఏరుతున్న ఆడవాళ్లు. కల్వకుర్తిలో బస్సు మారి, జడ్చర్ల మీదుగా పన్నెండుకు మహబూబ్‌నగర్ చేరాను. బస్టాండు ఎదురుగా భోజనం. పప్పు బాగుంది, సాంబారు పేరుకే సాంబారు.

నారాయణపేట బస్సు ఒంటిగంటకు బయల్దేరింది. నా వెనక సీటులో ఇద్దరు కుర్రాళ్లు నల్లగొండ గురించి మాట్లాడుకుంటున్నారు. "నల్లగొండనా? ఫ్లోరైడు నీళ్లు గదరా," అన్నాడొకడు. ఎక్కడికెళ్లినా ఇదే. వెనక్కి తిరిగి, "ఇప్పుడు కృష్ణ నీళ్లు తాగుతున్నం నాయినా, ఒకసారి వచ్చి తాగిపో," అన్నాను. వాళ్లు నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ నీళ్లు రాకముందు మా ఎక్స్‌రే బల్ల మీద పడుకున్న పిల్లలను నేను చూశాను.

మూడింటికి మంజుల నారాయణపేట బస్టాండులో ఎదురుచూస్తోంది. జుట్టు నెరిసింది గానీ తొందరపాటు తగ్గలేదు. కారులో ఊరికి అరగంట. ఊరి పేరు రాయను, తిప్పమ్మవ్వ వద్దంది.

వీధిలోకి మలుపు తిరగ్గానే మగ్గాల చప్పుడు. నాలుగో ఇంట్లో మాత్రం మగ్గం ఆగి ఉంది. తిప్పమ్మవ్వ కొడుకు బస్వరాజు మమ్మల్ని లోపలికి తీసుకెళ్లాడు. యాభై దాటిన మనిషి, నోట్లోంచి మాట తీయడం కష్టం. వెనక గదిలో కొత్త మగ్గం కోసం తవ్విన గుంట, దాని అడుగున పాతర మూతి. పక్కన చెక్కపలక మీద, తెల్ల పంచె కప్పి, చేతులు బార్లా చాపితే నా మోచేయి నుంచి మోచేయి దాకా ఉండే ఒక మూట. తలాపున దీపం.

"మమ్మీని పలక మీదికి మార్చినప్పుడు," అని నేనేదో అడగబోయాను.

"గా మాట అనకు," అని గోడవారగా ఓ గొంతు వినిపించింది. "పిల్ల అను."

తిప్పమ్మవ్వను అప్పుడే చూశాను. ఎనభై ఏళ్లుంటాయి. బక్కపలచటి మనిషి, కళ్లు మాత్రం సూదుల్లా ఉన్నాయి. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏం బిడ్డా, నల్లగొండ నుంచి గింత దూరమొచ్చి నువ్వు గూడ ఇరగ్గొట్టిండ్రనే జెప్తవా?" అంది.

"సూడకముందే ఏం జెప్పనవ్వా. ఇరిగితే ఇరిగినయంటా. ఇరగకపోతే ఇరగలేదంటా. నీకోసమని అబద్ధం మాత్రం జెప్ప."

అవ్వ గోడ పట్టుకుని లేచింది. "గట్ల జెప్పేటోళ్లే గావాలె," అని నాకు చాప వేసింది.

ఆ సాయంత్రం జొన్నరొట్టె, గోంగూర పప్పు తింటూ అవ్వ తన కథ చెప్పింది. పద్నాలుగేళ్ల వయసులో ఈ ఇంటికి కోడలై వచ్చింది. మూడో రోజు బావి దగ్గర ఒకావిడ, "బిడ్డను పాతర వెట్టినోళ్ల కోడలు ముందుగాల చేదుకోవద్దు, పక్కకు జరుగు," అందట. అవ్వకు ఏమీ అర్థం కాక ఇంటికొచ్చి అత్తనడిగింది. అత్త జవాబు చెప్పకుండా లోపలికెళ్లి ఏడ్చింది. ఆ తర్వాత అవ్వ ఇంకెవరినీ అడగలేదు. ఏ ఇంట్లో బాలింత ఉన్నా తిప్పమ్మను పిలవరు. ఉయ్యాలలో పిల్లను వేసేనాడు పిలవరు. పక్కింటి ఈరమ్మ మనవరాలిని ఎత్తుకుంటే, ఈరమ్మ వచ్చి పిల్లను చేతుల్లోంచి లాక్కుందట.

"నేను సేసింది గాదు, సూసింది గాదు. అరవై ఏండ్లు పడ్డ," అంది అవ్వ. "నాకొక్కటే దెల్వాలె. ఆ పిల్లను సంపిండ్రా, సచ్చిపోయిందా. సంపితే సంపిండ్రని ఊరి ముందర ఒప్పుకుంట, సెంపలేసుకుంట. లేకుంటే నేను సచ్చేలోపల నా ఇంటి మీదున్న మాట పోవాలె."

మూట విప్పి చూస్తే సగం సంగతి తెలిసిపోతుందని మొదట వచ్చినవాళ్లు అన్నారట. అవ్వ అడ్డం పడుకుంది. "ఆమెను సుట్టిన సేతులెవలివో, ఆ ముడి ఇప్పేందుకు నేనెవరు?" అన్నదే ఆమె మాట. మంజుల దానికి ఒప్పుకుంది. ఇప్పుడు విప్పాల్సిన పని లేదు. సీటీ మిషనులో పెడితే మూట మూటలాగే ఉంటుంది, లోపలున్నది సన్నటి పొరలు పొరలుగా తెర మీదికి వస్తుంది. దేశదేశాల్లో ఎండిన పిల్లల జబ్బులను ఇప్పుడు ఇలాగే చదువుతున్నారని, చాకు ముట్టించడం తప్పని అందరూ అనుకుంటున్నారని మంజుల చెప్పింది. ఆ తప్పు సంగతి చదువుకోని అవ్వకు ముందే తెలుసు కదా అనుకున్నాను.

మర్నాడు గురువారం. పొద్దున అయిదున్నరకు సీటీ తీయించేందుకు మహబూబ్‌నగర్ బయల్దేరాం. వెనక సీటు మడిచి, దూది పరుపు వేసి, పలకను కదలకుండా కట్టాం. అవ్వ ముందు కూర్చోనంది. వెనక నేల మీదే కూర్చుని ఒక చేయి మూట మీద వేసింది. మరికల్ దాకా రోడ్డు బాగానే ఉంది. దేవరకద్ర దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరింది.

"ఓ డ్రైవరూ! పిల్ల పండుకున్నది, కండ్లు గనపడ్తలేవా?" అని అవ్వ అరిచింది. ఆ డ్రైవరు మహబూబ్‌నగర్ దాకా మళ్లీ మూడో గేరు దాటలేదు.

ఏడున్నరకు స్కానింగ్ సెంటరు చేరాం. రోగులు రాకముందే మమ్మల్ని కానిచ్చేయమన్నారు. టెక్నీషియన్ నస్రీన్ అని, ఇరవై అయిదేళ్ల చురుకైన అమ్మాయి. నా సర్వీసు సంగతి మంజుల చెప్పగానే కుర్చీలోంచి లేచి, "మేడమ్, మీరు కూసోండి, మీరే తీయండి," అంది. నాకు సీటీ అలవాటు లేదు. మా కాలంలో డార్క్ రూములో ఎర్ర దీపం కింద ఫిల్ములు కడిగినవాళ్లం. మీట మాత్రం నేను నొక్కుతానన్నాను.

మిషను ముందుగా పేరడిగింది. పేరు లేకపోతే అది ముందుకు కదలదు.

"ఏం రాయాలె మేడమ్? గుర్తు తెలియని అని కొట్టాలా?" అంది నస్రీన్.

మిషను గదికున్న అద్దం పక్కన నిలబడ్డ అవ్వ వింది. "ఎందుకు దెల్వదు? మా ఇంటి పిల్ల. పేరు దెల్వకుంటే నా పేరు రాయి. తిప్పమ్మ."

"అవ్వా, అది మీ పేరు..."

"అరవై ఏండ్లు ఆమె మీదొచ్చిన మాటలు నేను వడ్డ. ఒక్క దినం నా పేరు ఆమెను వడనీ."

నస్రీన్ తిప్పమ్మ అని కొట్టింది. వయసు ఏడు. బరువు దగ్గర రెండు కిలోలు అని కొట్టి, నా వంక చూసి తల తిప్పేసుకుంది.

మూట మిషను సొరంగంలోకి జరిగింది. ఇక్కడే నేనో పని చేశాను. ముప్పై నాలుగేళ్ల అలవాటు. బల్ల మీద పిల్ల, నా వేలు మీట మీద. మైకు దగ్గర నోరు దానంతటదే తెరుచుకుంది.

"కదలకు బిడ్డా. ఊపిరి బిగబట్టు."

నస్రీన్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పక్కకు చూస్తే తిప్పమ్మవ్వ రెండు చేతులూ అద్దానికి ఆనించి, బుగ్గలు పూరించి, నిజంగానే ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. మిషను ఆగేదాకా వదల్లేదు. నేను కంగారులో రెండో మాట చెప్పడం మర్చిపోయాను.

ఎనిమిదింపావుకు బొమ్మలు తెర మీదికి వచ్చాయి. అప్పటికి సెంటరు డాక్టరు వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషే. కానీ కాళ్ల బొమ్మ చూడగానే, "అవును, రెండూ విరిగినట్టే ఉన్నాయి. పాత రిపోర్టు కరెక్టే," అన్నాడు.

అవ్వ నా మొహం చూసింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు ఒకటే మాట చెప్పారు: టెక్నీషియన్ ఫోటో తీయాలి, చదవకూడదు. తప్పు కనిపించినా నోరు మూసుకుని కవరులో పెట్టి ఇచ్చిన రోజులు బోలెడు. ఆ రోజు మూసుకోలేదు.

"సార్, జర ఆగుండ్రి," అని ఖాకీ కవరు విప్పి, ఆరు ఫిల్ములనూ గోడకున్న వెలుగు పెట్టె మీద వరసగా తగిలించాను. "గీ పిల్లలు మా మర్రిగూడ దిక్కోళ్లు, ఫ్లోరైడు నీళ్లు తాగినోళ్లు. ఒక్కడికి గూడ కాలు ఇరగలే. నడుసుకుంటనే నా దగ్గరికొచ్చిండ్రు. సూడుండ్రి వంకర ఎట్లున్నదో. రెండు కాళ్లకు ఒక్కతీరుగ, విల్లు వంగినట్టు. కొట్టి ఇరగ్గొడితే ఒక కాలు ఒకకాడ, ఇంకో కాలు ఇంకోకాడ ఇరుగుతది. అంచు తెగి కనపడ్తది. గిండ్ల తెగిన అంచేది?"

డాక్టరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. నస్రీన్ పొరలు ఒక్కొక్కటే జరిపింది. పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి. పావుగంట చూశాం. కాళ్లలో ఎముక ఎక్కడా తెగలేదు.

"నిజమే," అన్నాడు చివరికి. "ఇది వంగడమే. నేను తొందరపడ్డాను మేడమ్."

మేడమ్ అన్నాడు. నేను రాసుకోవాల్సిన మాట కాదు గానీ రాసుకుంటున్నాను.

నీళ్ల వల్లనా, తిండి తక్కువవడం వల్లనా, రెండింటి వల్లనా అన్నది మంజుల ఇంకా తేల్చాలి. దెబ్బ మాత్రం కాదు. ఆపైన మేం ముగ్గురం కూర్చుని మిగతాది చదివాం. వెన్నులో రెండు పూసలు కుంగి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వెన్నుకు క్షయ పట్టినట్టుంది, ప్రాణం తీసింది అదే కావచ్చన్నాడు డాక్టరు. పూసలు అట్లా కుంగిన పిల్ల నడవలేదు. తొడ ఎముకలు పలచబడిన తీరు చూస్తే చాలా నెలలు మంచం మీదే ఉంది. మోకాలి దగ్గర ఎముకలో అడ్డంగా సన్నటి తెల్ల గీతలు అయిదు. పెద్ద జబ్బు చేసినప్పుడల్లా ఎదుగుదల ఆగి ఇలాంటి గీత పడుతుంది. మళ్లీ తేరుకుంటేనే దాని పైన ఎముక పెరుగుతుంది. అంటే ఆ పిల్ల అయిదుసార్లు పడి అయిదుసార్లు లేచింది. ఎడమ ముంజేయి ఎప్పుడో విరిగి, తిన్నగా అతుక్కుంది. ఎవరో వెదురు బద్దలు వేసి కట్టు కట్టి ఉంటారు.

మంజుల ఇదంతా అవ్వకు మెల్లగా చెప్పింది. అవ్వ తలూపుతూ విన్నది గానీ ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి. ఉన్నట్టుండి లేచి వేలు పెట్టి చూపించింది.

"గీ గుండ్రటియి ఏంది?"

ముంజేతుల చుట్టూ సన్నటి తెల్లని వలయాలు. మేం ఎముకలు చూస్తున్నాం, వాటిని పట్టించుకోలేదు.

"గాజులు అవ్వా," అంది నస్రీన్. "గాజు గాజులే. చేతికి నాలుగు."

"జర పెద్దగ జెయ్యి."

నస్రీన్ పెద్దది చేసింది. అవ్వ తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. కుడి చేతికి నాలుగు, ఎడమ చేతికి నాలుగు. అన్నీ నిండుగా ఉన్నాయి. తర్వాత డాక్టరు వైపు తిరిగింది.

"ఒక్కటి గూడ చిట్లలే సారు. మట్టి గాజులు. పిల్ల జర కొట్లాడితే చాలు, పటపట పగుల్తయ్. సంపెటోళ్ల సేతిల పిల్ల ఊకుంటదా? గాజులు పగలకుంట పండవెట్టిండ్రు." అంతే, అక్కడే నేల మీద కూలబడి పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేనూ ఏడ్చాను. మంజుల ఏడ్చింది. ముప్పై నాలుగేళ్లు నేను ఎక్స్‌రే తీసే ముందు గాజులు తీయమని చెప్పినదాన్ని, గాజులంటే బొమ్మను చెడగొట్టేవి అనుకున్నదాన్ని. ఆ గాజులతో అవ్వ మా ముగ్గురినీ మించిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి ఊరు చేరాం. డాక్టరు సంతకం పెట్టిన కాగితాన్ని మంజుల వాకిట్లో నిలబడి, అందరికీ అర్థమయ్యేట్టు చదివింది. వీధి వీధంతా వచ్చింది. పక్కింటి ఈరమ్మ కూడా వచ్చి గోడ దగ్గర నిలబడింది.

"మా అత్త జెప్పిందే నేను జెప్పిన," అంది ఈరమ్మ నేల చూపులు చూస్తూ.

"మీ అత్త ఫోటో తీయలే," అంది తిప్పమ్మవ్వ.

జనం నవ్వారు. ఈరమ్మ నవ్వలేదు. కానీ కాసేపటికి ఇంటికెళ్లి ఒక గిన్నెలో పాలు తెచ్చి అవ్వ గడప మీద పెట్టి వెళ్లింది. పిల్లకా, అవ్వకా అన్నది చెప్పలేదు. ఆ రాత్రి అవ్వ కడుపునిండా అన్నం తిన్నది, నేను చూశాను. పిల్లను పాతరలో ఎందుకు పెట్టారో అన్నది మాత్రం ఏ మిషనూ చెప్పలేదు. ఆ పాతర పైనే వాళ్ల వంటిల్లు ఉండేదని బస్వరాజు చెప్పాడు. "నడవలేని పిల్ల గదా, దూరం పంపబుద్ధి గాలేదేమో తల్లికి," అన్నాడు. ఆ రెండు రోజుల్లో అతను నాతో మాట్లాడిన పెద్ద మాట అదే.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి, అనుమతి కాగితాలు ఉన్నాయి కాబట్టి, మూటను తిరిగి అదే పాతరలో పెట్టారు. కొత్త మగ్గం వేరే గదిలో పెట్టుకుంటానన్నాడు బస్వరాజు. తను నేసిన ఎర్రంచు బట్టను పాత గుడ్డ మీద కప్పాడు. బూడిద, వేపాకు ఆడవాళ్లే తెచ్చారు. ఉయ్యాలకు పిలవని ఇళ్ల నుంచి కూడా తెచ్చారు.

మట్టి వేసే ముందు అవ్వ నా చేయి పట్టుకుంది.

"నిన్న మిషిన్ కాడ ఊపిరి బిగబట్టమన్నవ్. ఇడువమనలే."

గుంట అంచున కూర్చుని, పిల్లలకు చెప్పినట్టే చెప్పాను.

"అయిపోయింది బిడ్డా. ఊపిరి ఇడువు."

నా పక్కన తిప్పమ్మవ్వ పెద్దగా ఊపిరి వదిలింది.

పదిన్నరకు నారాయణపేటలో మహబూబ్‌నగర్ బస్సు ఎక్కాను. అవ్వ బలవంతం చేసి కట్టించిన రొట్టెలు సంచిలో ఉన్నాయి. జడ్చర్లలో బస్సు కోసం గంట నిలబడ్డాను. కల్వకుర్తిలో చాయ్ తాగాను, బాగుంది. దేవరకొండ చేరేసరికి నాలుగున్నర. నల్లగొండ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.

పొద్దు వాలుతుంటే ఆ ఎర్ర చెలకలు చూస్తూ కూర్చున్నాను. ఫ్లోరైడు జిల్లా అన్న మాటకు నేను బతుకంతా తల దించుకున్నాను. ఆ నీళ్లు తాగిన మా పిల్లల ఆరు ఫిల్ములు ఇప్పుడు నూరేళ్ల నాటి ఇంకో పిల్ల తరఫున సాక్ష్యం చెప్పి వస్తున్నాయి. వాళ్ల పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లకు ఈ సంగతి ఇంటింటికీ వెళ్లి చెప్పాలనుకున్నాను. గర్వంగానే చెబుతాను, ఎందుకు చెప్పను!

మల్లేపల్లిలో ఒక ముసలామె ఎక్కి నా పక్కన కూర్చుంది. ఖాకీ కవరు చూసింది. ఈసారి పది నిమిషాలు కూడా ఆగలేదు.

"ఎవ్వలికి తీసిన ఫోటో బిడ్డా?"

"ఒక పిల్లకవ్వా."

"ఏమొచ్చింది అండ్ల?"

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. క్షయ అనాలా, నీళ్లనాలా, అయిదు గీతలనాలా.

"మంచిగ సూసుకున్నరంట," అన్నాను.